డబ్బాల మీద పేర్లు

సింకులో నీళ్లు మళ్లీ నిలిచిపోయాయి. గిన్నెలు తోముతున్న ఆమె కుడిచేతిని ఆ జిడ్డునీళ్లలోకి దించి అడుగున జాలీని తడిమింది. వేళ్లకు తగిలినవి ఏమిటో చూడక్కర్లేదు, ఇన్నేళ్లలో వేళ్లకే చూపు వచ్చేసింది. నానిన మెతుకులు, టీ పిప్పి, కూరగాయల తొక్కలు, ఒక వెంట్రుకల ఉండ, ఆ ఉండని పట్టుకుని తెల్లగా సాగుతున్న జిగురు. ఆ తెల్లటిది అత్తగారి కట్టుడుపళ్ల తాలూకు. బాత్రూములో బేసిన్ ఉండగా ఆవిడ పళ్లు వంటింటి సింకులోనే కడుక్కుంటారు. ఇక్కడ వెలుతురు బాగుంటుందట. ఆవిడ కొడుక్కీ అదే వాటం. లేచీలేవగానే వచ్చి, గొంతులో ఉన్నదంతా కాండ్రించి ఇందులోనే ఉమ్మి, కుళాయి అలా తిప్పి ఇలా కట్టేసి, "టీ అయిందా?" అంటాడు.

అదంతా పిడికిట్లోకి తీసి చెత్తబుట్టలో వేసింది. కుడిచెయ్యి చాచినా ఎడమవైపు లాగింది. సూది దిగిన చోటు ఇంకా పచ్చిగానే ఉంది.

ఈ ఇంట్లో అసహ్యపడే వీలు అందరికీ ఉంది, ఆమెకు తప్ప. అత్తగారికి బొద్దింకని చూస్తే కడుపులో తిప్పుతుంది, కాబట్టి బొద్దింకని కోడలే చంపాలి. మొగుడికి ఎంగిలి పళ్లెం ముట్టుకుంటే వొళ్లు జలదరిస్తుంది, కాబట్టి అతని ఎంగిలి కూడా ఆమే తీయాలి. కూతురు చిన్నప్పుడు రాత్రంతా వాంతులు చేసుకుంటే అతను ముక్కు మూసుకుని హాల్లోకి వెళ్లి పడుకున్నాడు. పొద్దున్నే వచ్చి, "నాకు అసలే సున్నితం కదా" అన్నాడు, అదేదో పుట్టుకతో వచ్చిన మర్యాదలాగా. ఆమెకు ఆ సున్నితం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. పెళ్లికి ముందు కాలేజీలో ఎవరైనా చీమిడి తుడుచుకున్నా ముఖం తిప్పుకునే మనిషి.

గడ్డ దొరికింది స్నానం చేస్తుంటే. సబ్బు చెయ్యి జారుతూ జారుతూ ఒక చోట ఆగింది. బటానీ గింజంత. వేలితో నొక్కితే పక్కకి తప్పుకుని మళ్లీ వచ్చి నిలబడింది. తలుపు అవతల అత్తగారు గీజరు కట్టేయమని కేకేస్తున్నారు. ఆమె గీజరు కట్టేసింది, వొళ్లు తుడుచుకుంది, బయటికొచ్చి కుక్కరు పెట్టింది. సాయంత్రం మొగుడికి చెప్తే, "బరువులెత్తి ఉంటావు" అన్నాడు. వారం పోయాక మళ్లీ చెప్తే, ఆఫీసులో ఆడిట్ అయ్యాక చూద్దామన్నాడు. ఆడిట్ అయ్యేదాకా ఆ గింజ ఆగింది, పాపం, దానికి ఉన్న మర్యాద.

చివరికి ఆస్పత్రికి వెళ్లారు. డాక్టరు చేత్తో చూసి, స్కాను చూసి, సూదితో కొంచెం ముక్క తీసి పరీక్షకి పంపాలని చెప్పాడు. ఆమె నోరు తెరిచేలోపే భర్త కుర్చీలో ముందుకి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"తీసేయాల్సి వస్తుందాండీ? అంటే... మొత్తమా?"

డాక్టరు ఒక్క క్షణం అతన్ని చూసి, జవాబు మాత్రం ఆమె ముఖంలోకి చూస్తూ చెప్పాడు. ముందు పరీక్ష రానివ్వమ్మా, చాలా గడ్డలు ఏ ప్రమాదమూ లేనివే అన్నాడు. ఆమె ఆ మాట వినలేదు. పక్క కుర్చీలోంచి వచ్చిన ప్రశ్న చెవిలో తిరుగుతోంది. బతుకుతుందా అని అడగలేదు మనిషి. మొత్తమా అని అడిగాడు. పెళ్లైన కొత్తలో వాటికి ముద్దుపేర్లు పెట్టి చీకట్లో పిలిచినవాడు, ఇప్పుడు 'అక్కడ' అంటున్నాడు. "అక్కడ నొప్పిగా ఉందా?" "అక్కడ తడి తగలనీయకు."

ముక్క తీసి పట్టీ వేశాక, కౌంటరు దగ్గర అమ్మాయి రిపోర్టు పంపడానికి ఫోన్ నెంబరు అడిగింది. ఆమె తన నెంబరులో మొదటి అంకెలు రెండో మూడో చెప్పింది కూడా. భర్త పక్కనుంచి తన నెంబరు గడగడా చెప్పేశాడు. ఇంట్లో పద్ధతే అంత. గ్యాసు, బ్యాంకు, కూతురి కాలేజీ, చివరికి ఆమె టైలరుకి ఇచ్చిన బట్టలు కూడా అతని నెంబరు మీదే వస్తాయి. అన్నీ ఒకచోట ఉంటే గందరగోళం ఉండదంటాడు. ఇరవయ్యేళ్లుగా ఆమెకు రావలసినవన్నీ అతని జేబులో మోగుతున్నాయి.

ఇంటికొచ్చాక అత్తగారు ఇంకో పని చేశారు. గడ్డని జరిపారు. కోడలికి రొమ్ములో గడ్డ అని నలుగురిలో ఎలా చెప్పుకుంటాం అనుకున్నారో ఏమో, ఎదురింటావిడతో వీపు మీద అన్నారు. పాలు పోసే అతను అడిగితే భుజం అన్నారు. ఫోన్లో ఎవరితోనో నడుం దాకా దించారు. మర్నాడు ఎదురింటావిడ గేటు దగ్గర ఆపి, "వీపు ఎలా ఉంది? వెల్లకిలా పడుకోకండి" అని జాగ్రత్తలు చెప్పింది. ఆమె తలూపింది. ఏం చేస్తుంది, ఆవిడ ఆప్యాయంగానే చెప్పింది.

ఉన్న మాట ఉన్నట్టు నోరారా అన్నది ఒక్క వార్డెనే. కాలేజీలో ఆమెతో ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి, ఇప్పుడు ఊరికి అవతలి చివర ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు, ఆమె కూడా. ఫోన్లో ఆమె 'అక్కడ... కొంచెం...' అని నసుగుతుంటే వార్డెను అడ్డుపడింది.

"రొమ్ములో గడ్డ అను. నీ వొంట్లో ఉన్నదాని పేరు నువ్వు పలకడానికి ఎవరి పర్మిషన్ కావాలి? రిపోర్టు వచ్చేదాకా నా దగ్గరకి వచ్చెయ్. గది ఖాళీగా ఉంది, మూడు పూటలా మెస్సు నడుస్తుంది. ఊరికే పడుకో."

"ఇల్లెలాగే?"

"ఇల్లు ఎక్కడికీ పోదు. దానికి కాళ్లు లేవు."

ఆమె నవ్వింది కానీ వెళ్లలేదు. బీరువాలో ఏది ఎక్కడుందో, అత్తగారి మాత్రల్లో ఏది తిన్నాక వెయ్యాలో, ఏది తినకముందు వెయ్యాలో ఎవరికి తెలుసని.

ఫలితం వారంలో వస్తుందన్నారు. ఆ వారం ఆమె మనిషిలా లేదు, మనిషి ఆకారంలో ఉన్న చెయ్యిలా ఉంది. ఆ చెయ్యి పనులు చేసేది, ఖాళీ దొరగ్గానే గడ్డ మీదకి పోయేది. పాలు పొంగేవి, చెయ్యి అక్కడుండేది. ఉతికిన బట్టలు మళ్లీ ఉతికింది. రాత్రుళ్లు కప్పు వంక చూస్తూ పడుకుంటే, కూతురి జుట్టు ఎవరు దువ్వుతారని దిగులు పుట్టేది. కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, జుట్టు తనే కత్తిరించుకుంటోంది, ఆ సంగతి పొద్దున్న గాని గుర్తుకొచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం అత్తగారు తన గదిలో ఫోన్లో మాట్లాడుతున్నారు. చెవుడు కాబట్టి ఆవిడ గుసగుస కూడా వీధిలోకి వినిపిస్తుంది. ఏదైనా అయితే వాడి గతేమిటి అంటున్నారు. వాడికేం అంత వయసైపోయిందని. ఇప్పటికీ చూస్తే ఎవరూ అంత వయసనుకోరు. ఆమె ఆవిడకి కాఫీ తీసుకెళ్తూ గుమ్మంలో ఆ మాటలు విని, వెనక్కి వెళ్లకుండా కాఫీ తీసుకెళ్లి చేతికే ఇచ్చింది. అత్తగారు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "పంచదార తక్కువేశావా?" అని అడిగారు.

ఫలితం వచ్చిందా అని ఆమె రోజూ భర్తని అడిగేది. మొదట రెండుసార్లు లేదన్నాడు. తర్వాత నిట్టూర్చాడు. ఆ గురువారం రాత్రి భోజనాల దగ్గర, వడ్డించడానికి వంగినప్పుడు ఆమె నైటీ మీద చిన్న ఎర్రమరక కనిపించింది. పట్టీ ఊడినట్టుంది. అతను కంచం మీంచి చెయ్యి తీసి ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"మార్చుకుని రావచ్చు కదా. తింటున్నాం ఇక్కడ."

మార్చుకుని వచ్చింది. వచ్చి, మళ్లీ అడిగింది. ఏమైనా తెలిసిందా అని. అప్పుడు విసుక్కున్నాడు.

"మాటిమాటికీ అడక్కు. రోజూ ఇదే గోల. వస్తే నేనే చెప్తాను."

సరే అనుకుంది. ఆఫీసులో సవాలక్ష ఉంటాయి, అతనికి మాత్రం భయముండదా, మగవాళ్లకి పైకి చెప్పడం చేతకాదు అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు ఆమెకు కొట్టిన పిండి. మర్నాటి నుంచి అడగడం మానేసింది. అడగాలనిపించినప్పుడల్లా లేచి ఏదో ఒక గూడు తుడిచేది.

శుక్రవారం సాయంత్రం అతను ఐస్‌క్రీం తెచ్చాడు. పెద్ద డబ్బా, కూతురికి ఇష్టమైన చాక్లెట్ రకం. ఎప్పుడూ తెచ్చేవాడు కాదు. ఎందుకండీ అంటే, "ఊరికే, తినాలనిపించింది" అన్నాడు. ముగ్గురూ హాల్లో కూర్చుని నవ్వుకుంటూ తిన్నారు. అత్తగారు పళ్లు తీసేసి మరీ తిన్నారు. ఆమె మాత్రం కప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తన మీద జాలి పడి తెచ్చాడనుకుంది. పోయే మనిషి పక్కన కాస్త సంతోషంగా ఉందామనుకుంటున్నాడనుకుంది. ఆ జాలికి కళ్లు చెమర్చి, కప్పులో కరిగిపోయింది కూడా తాగేసింది.

ఆదివారం డబ్బాల పని పెట్టుకుంది.

ఆలోచన రాత్రి వచ్చింది. తను లేకపోతే ఈ వంటింట్లో ఎవరికీ ఏదీ దొరకదు. ఉప్పు ఏ డబ్బాలో ఉందో, పంచదార దేన్లో ఉందో, అన్నీ ఒకేలాంటి డబ్బాలు, ఆమెకు మూత బరువుని బట్టి తెలుసు. కాబట్టి కాగితం ముక్కలు కత్తిరించి, వేలెడంత పెద్దక్షరాలతో, అత్తగారికి కళ్లద్దాలు లేకపోయినా ఆనేలా రాసింది. ఉప్పు. పంచదార. టీపొడి. కాఫీపొడి. బియ్యం, రోజుకి రెండు గ్లాసులు. గిన్నెల సబ్బు, తినేది కాదు. ఆ చివరిది రాస్తూ తనలో తనే నవ్వుకుని, వెంటనే ఏడ్చింది. మాత్రల డబ్బా మీద పొద్దున, రాత్రి అని రెండు కాగితాలు అంటించింది. వాషింగ్ మెషీన్ మీద ఏ మీట ఎందుకో రాసింది. అటక మీది పెద్ద డబ్బాలు ఎడంచెయ్యి ఎత్తలేక భర్తని పిలిచింది. అతను స్టూలెక్కి ఒక్కొక్కటీ అందించాడు. ఆమె అంటించి ఇస్తే మళ్లీ పైన పెట్టాడు.

"ఉన్నట్టుండి ఇదేంటి?" అన్నాడు స్టూలు మీంచి.

"ఎవరికైనా తెలియాలి కదండీ. నేను... ఎప్పుడైనా లేకపోతే."

అతను డబ్బా మీది అక్షరాలు చదివాడు. "బాగుంది" అన్నాడు. చేతులు దులుపుకుని దిగాడు.

అత్తగారు సాయంత్రం వంటింట్లోకొచ్చి వరసగా చూసి, ఇన్నాళ్లకి ఒక పద్ధతిలో పెట్టిందని మెచ్చుకున్నారు.

ఇదిగో, మంగళవారం పొద్దున ఇదే సింకు దగ్గర ఆమె చేతులు కడుక్కుంటుంటే హాల్లో ఫోను మోగింది. అత్తగారిది. ఆవిడ బాత్రూములో ఉన్నారు. ఆమే తీసింది. అవతల ఆడపడుచు. ఆమె పలకగానే గలగలా మొదలుపెట్టింది.

"వదినా, నువ్వా? హమ్మయ్య, పెద్ద గండం గడిచింది కదా. ఏమీ లేదని అన్నయ్య చెప్పగానే అప్పుడే ఫోన్ చేద్దామనుకున్నాను, పనిలో పడిపోయాను. సరే, ఒక మాట. పిల్లలకి వచ్చేవారం నుంచి సెలవులు. అన్నయ్యని అడిగితే పంపించెయ్యమన్నాడు, వదిన బాగానే ఉందిగా అన్నాడు. నాకా ఒక్క పూట ఖాళీ లేదు. నీ దగ్గరైతే పొద్దున్నే లేస్తారు, తింటారు."

ఆమె గోడకి ఆనుకుంది. చేతి నుంచి సబ్బునీళ్లు మోచేతి మీదుగా కారుతున్నాయి.

"ఏమీ లేదని ఎప్పుడు చెప్పారు?"

"ఎప్పుడంటే... శుక్రవారం. ఆఫీసు నుంచే మెసేజ్ పెట్టాడుగా ఫ్యామిలీ గ్రూపులో. రిపోర్ట్ కూడా పెట్టాడు. ఓ, నువ్వు గ్రూపులో లేవు కదూ? మనింటివాళ్లం మట్టుకే అది, అమ్మ పెట్టించింది. ఏంటి వదినా, వింటున్నావా?"

విన్నది. ఫోన్ పెట్టేసింది. ఏమీ లేదు. చావడం లేదు. ఆ మాట వొళ్లంతా పాకడానికి కొంచెం సేపు పట్టింది. చన్నీళ్లు తాగినట్టు గుండెల్లో చల్లగా దిగింది. ఆ చల్లదనం వెనకే ఇంకోటి వచ్చింది. శుక్రవారం.

శుక్రవారం ఐస్‌క్రీం. అది జాలి కాదు, పండగ. ముగ్గురూ ఆమె ఎదురుగా కూర్చుని ఆమె బతికినందుకు పండగ చేసుకుంటుంటే, ఆమె తన చావుకి కళ్లు తుడుచుకుంటూ కరిగిన ఐస్‌క్రీం తాగింది. శనివారం రాత్రంతా కప్పు వంక చూసింది. పక్కనే గురక. ఆదివారం. ఆదివారం స్టూలు మీద నిలబడి, ఆమె లేనప్పటి కోసం ఆమె రాసిన అక్షరాలు ఒక్కొక్కటీ చదివి, బాగుంది అన్నాడు. రిపోర్టు అప్పటికే అతని ఫోన్లో ఉంది. స్టూలు ఎక్కేముందు, జేబులో అడ్డమని ఆ ఫోన్ తీసి ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె దాన్ని బియ్యం డబ్బా పక్కన పెట్టింది.

కూతురు కాలేజీకి తయారై షూస్ వేసుకుంటోంది. ఆమె వెళ్లి అడిగింది, నాన్న నీకు చెప్పాడా అని. పిల్ల తలెత్తి, మొదట అర్థంకానట్టు చూసింది. శుక్రవారమే చెప్పారుగా అంది. తర్వాత ముఖం మెల్లగా పాలిపోయింది.

"నీకు తెలియకుండా మాకెలా తెలుస్తుందమ్మా? నీ రిపోర్టు కదా అది."

పిల్ల తప్పు లేదు. న్యాయమైన ప్రశ్నే. పిల్ల కాలేజీ మానేస్తానంది. ఆమె ఒప్పుకోలేదు, వెళ్లమంది.

సాయంత్రం అతను వచ్చి, బూట్లు విప్పి, సాక్సు రెండూ ఉండచుట్టి ఎప్పటిలా సోఫా కిందకి నెట్టి, టీవీ పెట్టాడు. ఆమె టీవీ ఎదురుగా నిలబడింది.

"రిపోర్టు వచ్చిందట."

"ఆ, వచ్చిందిగా. ఏమీ లేదు. మామూలు గడ్డే." తల కొంచెం పక్కకి వంచి టీవీ చూడబోయాడు. తర్వాత ఆమె కదలకపోవడం చూసి, "చెప్పలేదా నీకు? చెప్పాననుకున్నానే."

"చెప్పలేదు."

"మర్చిపోయి ఉంటాను. ఆ రోజు ఆఫీసులో..." ఆగాడు. ఏదో దొరికింది అతనికి. ముఖం తేటపడింది. "అయినా నువ్వు అడగలేదు కదా. అడిగితే చెప్పేవాణ్ణి."

అతను అబద్ధం ఆడటం లేదు. అదే ఘోరం. దాచిపెట్టాలని దాచలేదు, కక్షతో దాచలేదు. తనకి నిశ్చింత కలిగింది, అమ్మకి కలిగింది, చెల్లెలికి కలిగింది, దాంతో పని అయిపోయింది. ఆ నిశ్చింత అందవలసిన మనిషి ఇంకొకతె ఉందని, ఆమె అదే ఇంట్లో చెంచాలు తుడుస్తోందని, తలపుకే రాలేదు. వచ్చినా, ఏమీ లేదన్న కబురు కబురే కాదనుకున్నాడేమో. చెప్పేదేముంది, రేపు కూడా వండుతుంది.

అత్తగారు కుర్చీలోంచి అందుకున్నారు. "మంచి కబురే కదమ్మాయ్. నాలుగు రోజులు ఆలస్యంగా వింటే చేదవుతుందా? సంతోషించక, దానికో పంచాయితీ."

"ఫోన్ ఇవ్వండి" అంది ఆమె.

ఇచ్చాడు. మెసేజ్ కోసం చాలా కిందకి వెళ్లాల్సి వచ్చింది. చొక్కాల తగ్గింపు ధరలు, బ్యాంకు వాళ్ల శుభాకాంక్షలు, వాటి మధ్య ఆమె పేరు, ఆమె వయసు. ప్రమాదకరమైన కణాలు లేవు. చివర ఇంకో వాక్యం ఉంది. పేషెంటు ఈ వారంలో డాక్టరును కలవవలెను, గడ్డ తీయవలసినదీ లేనిదీ నిర్ణయించుటకు. ఈ వాక్యం గురించి అడిగింది. ఏమీ లేదన్నాక మళ్లీ ఎందుకు దండగ, వాళ్లు అలాగే రాస్తారన్నాడు. పిల్లలు కూడా వస్తున్నారు, వాళ్లు వెళ్లాక చూద్దామన్నాడు.

అప్పుడు వచ్చింది. ఏడుపనుకుంది మొదట. కాదు. కడుపులోంచి పైకి తన్నుకొచ్చింది. సింకు దాకా వెళ్లగలిగింది. వంగి, రెండు చేతులతో గట్టు పట్టుకుని కక్కేసింది. ఐస్‌క్రీం, సర్దుబాట్లు, కాఫీలో పంచదార, అన్నీ వస్తున్నట్టే అనిపించింది. ఇరవయ్యేళ్లలో ఈ చేతులతో ఎత్తిన మురికిలో ఒక్కదానికీ తిరగని కడుపు, మురికి కాని ఒక మాటకి తిరిగింది. నువ్వు అడగలేదు కదా. హాల్లోంచి ఎవరూ లేవలేదు. కాసేపటికి భర్త గొంతు వినిపించింది, ఫ్యాను పెంచమని ఎవరికో చెప్తోంది. వాసనట. అత్తగారు ఏం తిన్నావేమిటని అక్కడినుంచే కేకేశారు.

ఆమె నోరు కడుక్కుంది. జాలీ మళ్లీ మూసుకుపోయింది, నీళ్లు దిగడం లేదు. అలవాటుగా చెయ్యి దించబోయి, నీళ్లకి జానెడు పైన ఆపింది. కంపుకొట్టింది. అబ్బ, ఎంత అసహ్యంగా ఉంది అనుకుంది, ఎవరో కొత్తగా ఆ ఇంటికొచ్చిన మనిషిలా. ముక్కు మూసుకుంది. తనకీ ఆ సున్నితం ఇంకా ఉందన్నమాట. చెయ్యి తుడుచుకుని, లైటు ఆర్పేసి, కూతురి గదిలోకెళ్లి ఆ పిల్ల పక్కన పడుకుంది. పిల్ల దుప్పటి సగం ఇటు లాగి కప్పింది. సూది దిగిన రోజు నుంచీ ఇదే మొదటి నిద్ర. గాఢంగా పట్టింది.

పొద్దున లేచి చూస్తే సింకు అలాగే ఉంది. అలాగే అంటే పూర్తిగా అలాగే కాదు. ఎవరో దాని మీద పెద్ద పళ్లెం ఒకటి బోర్లించారు. కడగడానికి ఎవరికీ చెయ్యి రాలేదు గానీ, మూత పెట్టాలని మాత్రం తోచింది. ఆమెకు నిజంగానే నవ్వొచ్చింది.

రాత్రే వార్డెనుకి మెసేజ్ పెట్టింది. 'రొమ్ములో గడ్డ. ప్రమాదం లేదు. రేపు డాక్టరుకి చూపించుకుని అటునుంచి అటే నీ దగ్గరకి వస్తున్నాను.' జవాబుగా ఒకటే మాట వచ్చింది: 'గది ఊడ్పించాను.' ఆస్పత్రికి వెళ్లగానే ముందు కౌంటరులో నెంబరు మార్పించాలి. పూర్తిగా చెప్పాలి ఈసారి, చివరి అంకె దాకా.

చిన్న సంచీలో బట్టలు సర్దుకుని హాల్లోకొచ్చింది. భర్త నోటినిండా ఉమ్ముతో వంటింటి గుమ్మం దాకా వచ్చి, పళ్లాన్ని చూసి, బాత్రూముకి పరిగెత్తాడు. తిరిగొచ్చి, సంచీని చూశాడు. ఆస్పత్రికి సంచీ ఎందుకన్నాడు. ఆమె చెప్పింది, వార్డెను దగ్గర ఉంటానని. ఎన్నాళ్లన్నాడు. చూడాలంది. చెల్లెలి పిల్లలు వస్తున్నారని గుర్తు చేశాడు. వాళ్లని రమ్మన్నది మీరే కదా అంది. ఏమీ లేదని వచ్చాక కూడా ఇంత రాద్ధాంతం దేనికని నిజంగానే అర్థంకాక అడిగాడు. అతని ముఖం చూస్తే ఒక్క క్షణం పాత అలవాటు కొద్దీ విడమరిచి చెబుదామనిపించింది. వద్దనుకుంది. అది కూడా పనే.

"మరి ఎప్పుడొస్తావో చెప్పకపోతే ఎలా?"

"మాటిమాటికీ అడక్కండి" అంది చెప్పులేసుకుంటూ. "వచ్చేట్టయితే నేనే చెప్తాను."

అతను నోరు తెరిచి, ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించి, మూసుకున్నాడు. అత్తగారు పళ్ల గ్లాసు పట్టుకుని గదిలోంచి వచ్చారు. పళ్లు లేని నోటితో, ఎవరివైపూ చూడకుండా, టీ ఎవరు పెడతారని అడిగారు. గేటు దాకా వెళ్లిన ఆమె గొళ్లెం తీస్తూ, వెనక్కి తిరగకుండా చెప్పింది.

"డబ్బాల మీద పేర్లు రాసే ఉన్నాయండీ. నేను చచ్చిపోతాననుకుని రాశాను. బతికున్నా పనికొస్తాయి."